బాలానగర్ జిప్సీ గ్యారేజ్ రివ్యూ: పోటీ బండికి నంబర్ ప్లేట్ ఉంచాలా, తీసేయాలా

మారుతి జిప్సీని ఆఫ్‌రోడ్ పోటీలకు, అంటే రోడ్డు లేని బురదల, బండల మీద నడిపే పోటీలకు రెడీ చేయించాలంటే హైదరాబాద్‌ల ఎక్కడికి పోవాలని చాలామంది అడుగుతున్నరు, అందుకే జర వివరంగా రాస్తున్న. ఈ గ్యారేజ్ బాలానగర్‌ల లేత్ వర్క్‌షాపుల గల్లీలల్ల ఉంటది, రేకుల షెడ్డు, బయట బోర్డు లేదు, లోపల మూడు బండ్లు పట్టినయంటే నాలుగోది గల్లీలనే ఆగాలె. చేతిల పని ఎక్కువుంది, పేరు రాయకు అని ఉస్తాద్ అన్నడు కాబట్టి రాయట్లే. ఇక్కడ మేం రెండు జిప్సీలు చేయించినం, ఒకటి నాది, ఇంకోటి మా బావమరిదిది. నాది నంబర్ ప్లేట్‌తోని రోడ్డు మీద తిరిగే బండి, వాడిది ప్లేట్ లేని పక్కా పోటీ బండి, ఈవెంట్‌కు డీసీఎం లారీ మీదనే పోతది. రెండూ ఒకే చేతిల తయారైనయి కాబట్టి రెండింటి గురించి చెప్పగలుగుత.

ఈ గ్యారేజ్ నాకు ఎందుకు నచ్చిందంటే ముందుగాల అడిగిన ఒక్క ప్రశ్న. వేరే చోట్లకు పోతే ఎంత లిఫ్ట్ కావాలె, అంటే బండిని ఎంత ఎత్తు లేపాలె, ఏ టైర్లు కావాలె, ఇరుక్కున్న బండిని గుంజే విన్చ్ ఏ కంపెనీది అని మొదలుపెడ్తరు. ఈ ఉస్తాద్ బానెట్ కూడా తెరవకుండ "అన్నా, ఇది రోడ్డు మీద నడుపుతవా, డీసీఎం ఎక్కిస్తవా, ముందు అది చెప్పు" అన్నడు. రెండూ కావాలె ఉస్తాద్ అంటే, రెండూ ఒక్క బండిల కావు, ఇంటికి పోయి ఆలోచించుకొని రా అన్నడు. పని వదులుకోవడానికైనా రెడీగ ఉన్నడు గాని, జవాబు రాకుండ పానా మాత్రం పట్టలే. ఆఫ్‌రోడింగ్‌ల ఇంత నిక్కచ్చిగ మాట్లాడే మెకానిక్ దొరకడం కష్టం, ఎందుకంటే మార్పులు ఎన్ని చేస్తే అంత బిల్లు, వద్దంటే వాళ్లకు నష్టమే కదా.

ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమంటే ముందు చట్టం సంగతి చూడాలె. మోటారు వాహనాల చట్టం 1988ల సెక్షన్ 52 అని ఒకటుంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు, ఆర్‌సీల రాసి ఉన్నదానికి తేడా వచ్చేట్టు బండిని మార్చొద్దని అది చెప్తది. 2019 జనవరిల సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసుల ఇదే గట్టిగ చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణల 182ఏ కింద, పర్మిషన్ లేని మార్పు చేసిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5000 రూపాయల ఫైన్ గాని, 6 నెలల దాకా జైలు గాని, రెండూ గాని అని పెట్టిన్రు. ఒక్కో మార్పుకు అన్నది గమనించండి, పోటీ బండి మీద ఎన్ని మార్పులుంటయో మీరే లెక్కేసుకోండి. ముందల విన్చ్ బంపర్ సంగతి ఇంకోటి, 2017 డిసెంబర్‌ల కేంద్ర రోడ్డు రవాణా శాఖ బుల్ బార్లు, క్రాష్ గార్డులు, అంటే బండి ముందల బిగించే ఇనుప బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు లెటర్ రాసింది, అప్పటిసంది అది కంటికి కనపడే తప్పు, దూరం నుంచే ట్రాఫిక్ వాళ్లు చెయ్యి ఊపుతరు.

చాలామంది అనేదేందంటే, అరే హైదరాబాద్‌ల ఎంతమంది తిరుగుతలేరు లిఫ్ట్ చేసిన థార్‌లేసుకొని, ఎవరు పట్టుకుంటున్నరు అని. నిజమే, పట్టుకోకపోవచ్చు. గాని నా భయం చలాన్ గురించి కాదు, యాక్సిడెంట్ గురించి. మామూలు మోటార్ ఇన్సూరెన్స్ పాలసీల ఆర్గనైజ్డ్ రేసింగ్, రిలయబిలిటీ ట్రయల్స్, స్పీడ్ టెస్టింగ్ అన్నీ కవర్‌ల లేవని రాసి ఉంటది, కాబట్టి ఈవెంట్‌ల బండి పల్టీ కొడితే రూపాయి రాదు, అది అందరికీ తెలుసు. ఎవ్వరూ ఆలోచించనిది వచ్చేటప్పటి సంగతి. ఈవెంట్ అయిపోయినంక అదే బండిల మొయినాబాద్ నుంచి ఇంటికి వస్తుంటే ఎవరికన్న తగిలిందనుకోండి, చెప్పకుండ మార్చిన బండి అని ఇన్సూరెన్స్ కంపెనీ కొర్రీ పెట్టడానికి మనమే దారి చూపించినట్టు. అవతల దెబ్బ తగిలినాయనకు రావాల్సిన డబ్బులు కూడా కేసుల ఇరుక్కోవచ్చు. మన సరదా కోసం రోడ్డు మీద పోయే ఇంకొకాయన బతుకు మీద ఆ రిస్క్ పెట్టడం నాకు అస్సలు ఒప్పుకోబుద్ధి కాలే.

ఇంక చట్టం పక్కన పెట్టినా, బురదల గెలిచే బండి తార్రోడ్డు మీద మంచిది కాదు. ఇది ఉస్తాద్ నాకు చేత్తో చూపిచ్చి చెప్పిండు, ఆ రోజు నేర్చుకున్నంత ఎన్ని వీడియోలు చూసినా నేర్చుకోలే. జిప్సీ కింగ్ అంటే 1298 సీసీ, 80 హార్స్ పవర్, సాఫ్ట్ టాప్ బరువు టన్ను కూడా ఉండదు, అందుకే బురదల అంత తేలిగ్గ పోతది. కంపెనీ టైరు 205/70 ఆర్15, చుట్టుకొలత కాదు, అడ్డం కొలత దాదాపు 668 మిల్లీమీటర్లు. దానికి 31 ఇంచుల టైరేస్తే 787 అయితది, అంటే మీటర్‌ల 60 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 70 మీద పోతున్నట్టు. గేరింగ్ అంతా పొడుగైతది, ఇంజిన్‌కు లాగడం కష్టం, ముందు డిస్కు వెనుక డ్రమ్ము ఉన్న ఆ బ్రేకులకు అంత పెద్ద చక్రాన్ని ఆపడం ఇంకా కష్టం. బావమరిది బండికి వెనుక డిఫరెన్షియల్‌ల స్పూల్ ఉంది, అంటే రెండు వెనుక చక్రాలు ఎప్పుడూ ఒకే స్పీడ్‌ల తిరుగుతయి. బండల మీద ఒక చక్రం గాల్లో ఉన్నా రెండోది లాగుతది, అక్కడ దాన్ని మించింది లేదు. అదే తార్రోడ్డు మీద యూటర్న్ కొడితే లోపలి చక్రం జారాల్సిందే, టైరు కిర్రుమని అరుస్తది, వాన పడ్డ రోడ్డు మీద వెనుక భాగం పక్కకు పోతది, యాక్సిల్ షాఫ్ట్ మీద పడే లోడ్ సంగతి చెప్పనక్కరలే. ముందు యాక్సిల్‌ల లాకర్, అంటే రెండు చక్రాలను కలిపి తిప్పేది, ఉంటే మాత్రం రోడ్డు మీద పెద్ద ఇబ్బంది లేదట, చక్రాలను యాక్సిల్ నుంచి విడదీసే ఫ్రీ వీలింగ్ హబ్‌లను ఫ్రీల పెడితే ముందు చక్రాలు వాటి మానాన అవి తిరుగుతయి. ఇట్లాంటివి ఓపికగా విడమరిచి చెప్పేవాళ్లు ఎంతమంది ఉన్నరు చెప్పండి.

స్ప్రింగుల గురించి కూడా ఇంతే. జిప్సీకి కమాను కట్టలు యాక్సిల్ కింద ఉంటయి, వాటిని యాక్సిల్ పైకి మారిస్తే ఒక్కసారిగ మంచి హైట్ వస్తది, అందరూ చేయించుకునేది అదే. దాంతోపాటు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారుతది, స్టీరింగ్ రాడ్ కోణం మారి గుంత తగిలినప్పుడల్లా స్టీరింగ్ దానంతట అదే గుంజుతది, బ్రేకు హోసు పొడుగు చాలదు. బావమరిది బండిని ఉస్తాద్ జాకీ మీద లేపి చక్రం పూర్తిగ కిందికి వేలాడేసి, ఆ పాత హోసు బిర్రుగ సాగి ఉన్నది టార్చి లైటు వేసి చూపిచ్చిండు, ఇంకో అర ఇంచు దిగితే తెగుతది అన్నట్టు ఉండె. అంతకుముందు ఆ బండి మీద పనిచేసినోళ్లు, ఎవరో ఏమో, దాన్ని అట్లనే వదిలేసిన్రు.

రోల్ కేజ్, అంటే పల్టీ కొడితే లోపలి మనిషిని కాపాడే పైపుల చట్రం, దాని సంగతి విడిగా చెప్పాలె. బావమరిది బండి అసలు ఆర్మీ వేలంల పోయిన జిప్సీ, సర్కారు వేలాలు పెట్టే ఎంఎస్‌టీసీ ఆక్షన్ కాయితాలు ఉన్నయి గాని సివిల్ రిజిస్ట్రేషన్ ఎన్నడూ కాలే. వేలంల పాడుకున్నాయన దగ్గర మావాడు కొన్నప్పుడే అందుల రోల్ కేజ్ ఉంది, నల్ల పెయింట్ కొట్టి చూడ్డానికి మంచిగనే కనిపించేది. ఉస్తాద్ దాని మీద సుత్తితో రెండు చోట్ల కొట్టి విని, కటింగ్ వీల్‌తోని చారెడు ముక్క కోసి చేతిల పెట్టిండు. లోపల పొడుగునా అతుకు గీత, అంటే అది గేట్లకు రెయిలింగులకు వాడే, రేకు చుట్టి అతికించిన ఈఆర్‌డబ్ల్యూ పైపు, వెర్నియర్ పెట్టి కొలిస్తే మందం రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. జాయింట్ల దగ్గర పైపును గుండ్రంగా కోసి కూర్చోబెట్టకుండ, ఊరికే ఆనించి ఖాళీని వెల్డింగ్‌తో నింపేసి గ్రైండర్ తిప్పేసిన్రు. పల్టీ కొట్టినప్పుడు కాపాడాల్సిన పైపు ముందుగాల అక్కడనే విరుగుతది. అది చూసి మావాడికి నోట మాట రాలే.

కొత్తది మొత్తం సీమ్‌లెస్, అంటే అతుకు లేని, కోల్డ్ డ్రాన్ పైపుతోని కట్టిండు, సీటు వెనుక ఉండే పెద్ద కమాను, మెయిన్ హూప్, 45 మిల్లీమీటర్లు, మిగతాది 38, మందం రెండింటికీ 2.5, ఇవి ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్‌ఐఏ రూల్సుల ఉన్న కొలతలే. హూప్ కాళ్ల కింద 3 మిల్లీమీటర్ల ప్లేట్, ఒక్కో కాలికి తక్కువల తక్కువ మూడు బోల్టులు 8.8 గ్రేడువి. ఫిష్ మౌత్ కోతలు, అంటే పైపు చివర గుండ్రంగ కోసినవి, పైపుకు పైపు ఎంత బిగుతుగా కూర్చున్నయంటే వెల్డింగ్ చేయకముందు జాయింట్‌ల వేలిగోరు దూరలే, నేనే పెట్టి చూసిన. పని మధ్యల పోయి చూస్త అంటే ఎప్పుడైనా రమ్మంటడు, పెయింట్ కొట్టే ముందు పిలిచి ప్రతి జాయింటు చూపిస్తడు. ఒక్క ఈ పని కోసమైనా ఈ గ్యారేజ్‌కు ఫుల్ మార్కులు.

మరి అంత మంచి కేజ్ అయితే రోడ్డు బండికి కూడా పెట్టించుకోవచ్చు కదా, ఇంకా సేఫ్ కదా అని నేనూ అడిగిన. వద్దే వద్దన్నడు. కేజ్ అనేది హెల్మెట్ పెట్టుకొని, ఫోర్ పాయింట్ బెల్టుతోని సీటుకు కట్టేసుకున్న మనిషి కోసం కట్టేది. ఇంట్లోవాళ్లతోని మామూలు బెల్టు పెట్టుకొని పోతుంటే, సడెన్ బ్రేకుకో పక్క నుంచి ఎవడన్న గుద్దితేనో తల పోయి తగిలేది ఆ ఉక్కు పైపుకే, హెల్మెట్ లేని తలకు అట్ల తగిలితే చిన్న యాక్సిడెంట్ కూడా ప్రాణం మీదికి వస్తది. పోనీ ఆ ఫోర్ పాయింట్ బెల్టు కట్టుకొని నడుపుదాం అంటే భుజాలు కదలవు, పంజాగుట్టలనో అమీర్‌పేటలనో పక్కకు తిరిగి చూసుకోకుండ బండెట్ల నడుపుతం. నాకు అన్నిటికన్నా బలమైన కారణం ఇదే అనిపించింది, చట్టం లేకపోయినా సరే ఈ ఒక్క మాటకే నేను రోడ్డు బండిల కేజ్ వద్దనుకుందును.

కాబట్టి నా బండికి ఏం చేయించినం అంటే ఆర్‌సీని కదిలించనివి మాత్రమే. కంపెనీ సైజులనే మడ్ టైర్లు, కమాను కట్టలు విప్పి అరిగిన ఆకులు మార్చి కొత్త బుష్‌లు, కొత్త షాక్స్, బ్రేకులు మొత్తం ఓవర్‌హాల్, ముందు వెనుక చాసిస్‌కు బిగించే సరైన టో హుక్కులు, యాక్సిల్ బ్రీదర్ పైపులు నీళ్లు పోకుండ పైకి తీసుకురావడం, డిస్ట్రిబ్యూటర్‌కు వాటర్ ప్రూఫింగ్, ఫైర్ సిలిండర్. అంతే. చెప్పుకోడానికి తక్కువనే గాని బండి మారిపోయింది, శంకర్‌పల్లి దిక్కు ప్రైవేటు భూములల్ల పెట్టే ఓటీఆర్‌లల్ల, అంటే ఆఫ్‌రోడ్ ఈవెంట్లల్ల, పెద్ద మార్పులు లేని బండ్ల స్టాక్ క్లాస్‌ల మంచిగ నిలబడ్తున్నది. పొద్దుగాల ఇంట్లనుంచి నడుపుకుంటనే పోత, మట్టిల ఆడుత, టైర్లల్ల గాలి కొట్టుకొని సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఎడమ లేన్‌ల ఇంటికి వస్త. నాకు ఆఫ్‌రోడింగ్ అంటే ఇదే, తాళం తీసి పోగలిగేది. దానికి డీసీఎం బుక్ చేయాలె, ఇద్దరు మనుషులు కావాలె, దిగడానికి మట్టి దిబ్బ వెతకాలె అంటే నేను సగం ఈవెంట్లకు పోనే పోను.

మావాడి లెక్క వేరే. వాడి కన్ను గోవాల జరిగే రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ మీద ఉంది, 2014 నుంచి జరుగుతున్నది, వానాకాలంల, విన్చ్ లేకుండ నిలబడలేని పోటీ. దానికి ఎట్లాగూ ఆరు వందల కిలోమీటర్ల పైన ప్రయాణం, స్పూల్ ఉన్న బండిని అంతదూరం ఎవడూ నడపడు, నడిపినా పోటీల ఏదన్న విరిగితే తిరిగొచ్చేది ఎట్ల. డీసీఎం ఖర్చు ఎట్లాగూ తప్పనప్పుడు రోడ్డు రూల్సుల కోసం బండిని చేతులు కట్టేసి ఉంచడంల అర్థం లేదు. వాడి నిర్ణయం వాడికి వందకు వంద కరెక్ట్. కిరాయి గురించి ఒక్క మాట, పోయేదానికి రానుపోను కలిపి ముందే మాట్లాడుకోండి, ఈవెంట్ అయినంక అడవి పక్కన నిలబడి బేరం చేస్తే వాళ్లు చెప్పిందే రేటు. తాళ్లు కాకుండ రాట్చెట్ బెల్టులు మీవే తీసుకపోండి, యాక్సిల్‌కు కట్టండి గాని బాడీకి కట్టొద్దు, స్ప్రింగుల మీద బండి ఊగుతుంటే కట్టు వదులైతది.

అసలు నేను గట్టిగ చెప్పదల్చుకున్నది ఏందంటే, మంచి ఆర్‌సీ ఉన్న జిప్సీని దయచేసి కోయకండి. సివిల్ వాళ్లకు జిప్సీ అమ్మడం 2019లనే ఆగిపోయింది, ఇప్పుడు ఉన్నవే ఉన్నయి, ఇంక కొత్తవి రావు. కేజ్ వెల్డ్ చేసి, బలేనో 1.6 ఇంజిన్ పెట్టి, ఫ్లోర్ కోసినంక దాన్ని మళ్లీ ఆర్‌సీల ఉన్నట్టు చేయడం అయ్యే పని కాదు. పోటీ బండే కావాలంటే మావాడి లెక్క సివిల్ నంబర్ ఎన్నడూ లేని ఆర్మీ వేలం బండి చూడండి, ఆక్షన్ కాయితాలు చేతిల ఉండేట్టు చూసుకోండి, దాన్ని ఎన్నడూ రోడ్డు మీద దించకుండ ఉంటే సరి. రిజిస్ట్రేషన్ లేని బండిని గల్లీ చివరి పెట్రోల్ బంకు దాకా నడిపినా తప్పే, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. కొంచెం అటు కొంచెం ఇటు అన్నట్టు, సగం లిఫ్ట్, సగం కేజ్, పైన ప్లేట్ అలాగే ఉంచి తిరిగే బండ్లే ఎక్కువ కనిపిస్తున్నయి మన దగ్గర, అవి పోటీల వెనుకబడ్తయి, రోడ్డు మీద ప్రమాదం, రెండు చోట్లా ఖర్చు. నా ఉద్దేశంల అన్నిటికన్నా చెడ్డ దారి అదే.

ప్లేట్ ఉంచుకునేవాళ్లకు ఇంకో పని ఉంది, 15 ఏళ్లు దాటినంక ఆర్‌సీ రెన్యువల్. మన దగ్గర 15 ఏళ్ల పెట్రోల్ బండి మీద నిషేధం లేదు, బండి మంచిగ ఉంటే అయిదేళ్లకోసారి పొడిగిస్తరు. 2022 ఏప్రిల్‌ల కారుకు ఆ ఫీజు 600 నుంచి 5000 చేసిన్రు, ఇప్పుడు మీ బండికి ఎంతో కనుక్కోండి, గ్రీన్ టాక్స్ వేరే. రెన్యువల్ అప్లికేషన్, ఫారం 25, గడువు ముగిసే ముందు 60 రోజుల లోపల పెట్టుకోవచ్చు, ఆఖరి రోజు దాకా ఆగకండి. ఇన్‌స్పెక్షన్‌ల చాసిస్ నంబర్ పెన్సిల్ ప్రింట్ తీస్తరు, జిప్సీలకు తుప్పు ఎక్కువ, అండర్ కోటింగ్ కొట్టేటోళ్లు ఆ నంబర్ మీద కూడా దట్టంగ కొట్టేస్తే అక్షరం రాదు, ఇంక తిప్పి పంపుడే. ఈ ఉస్తాద్ నా బండికి కోటింగ్ కొట్టేటప్పుడు నంబర్ ఉన్న చోట గ్రీజు రాసి టేపు వేసిండు, తర్వాత తీసి తుడిచిండు. నేను చెప్పలే, ఆయనకే తోచింది. ఇన్‌స్పెక్షన్‌కు పోయిననాడు కాయితం పెట్టి పెన్సిల్ రుద్దంగనే అన్ని అంకెలు చక్కగ వచ్చినయి.

బాగలేనివి కూడా చెప్పాలె కదా. చెప్పిన టైముకు బండి ఇవ్వడు, ఇది మాత్రం ఖాయం, వారం అంటే రెండు వారాలు పట్టుకోండి, ఎందుకంటే పైపు సరైంది దొరకకపోతే వేరేది వాడడు, ఆగుతడు. బిల్లు తెల్ల కాయితం మీద రాసి ఇస్తడు, పార్టుల బిల్లులు కావాలంటే ముందే అడగాలె, పాత పార్టులు మాత్రం సంచిల వేసి తిరిగి ఇచ్చేస్తడు, అది మంచి అలవాటు. వైరింగ్ ఆయన పని కాదు, పక్క షాపు పిల్లగానికి ఇస్తడు, మావాడి బండికి విన్చ్ వైరింగ్ నాకు నచ్చలే, బ్యాటరీ నుంచి పోయే లావు వైరు చాసిస్ అంచుకు రాసుకుంటుండె, చూపిస్తే రబ్బరు గొట్టం తొడిగి మళ్లీ వేసిచ్చిన్రు, పైసలు అడగలే. మీరు చేయిస్తే ఆ వైరు ఎటు పోతున్నదో వంగి చూడండి, అక్కడ షార్ట్ అయితే బండే కాలిపోతది. ధరలు బాలానగర్ లెక్కల కొంచెం ఎక్కువనే, సీమ్‌లెస్ పైపు ధర చూసినంక మాత్రం నేను బేరం ఆడలే.

పోయేవాళ్లు పొద్దున పదకొండు లోపు పోండి, శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు మూసి ఉంటది. ఫోన్‌ల రేట్లు చెప్పడు, బండి తీసుకపోవాల్సిందే. ఆర్‌సీ జిరాక్స్ ఒకటి దగ్గర పెట్టుకోండి, ముందుగాల అదే అడుగుతడు, అందుల ఏం రాసుందో చూసి ఏది ముట్టుకోవచ్చో ఏది వద్దో అక్కడనే చెప్తడు.